గోలీకి ఉపవాసమట

నా మనవరాలు దవాఖానలో నర్సు. ఈస్టర్‌కు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాల్లో ఒకనాడు, రోగికి రక్తం తీస్తుంటే అదే సూది ఆమె వేలికి గుచ్చుకుంది. ఆ రోగికి హెచ్‌ఐవీ ఉంది. ఆ పూటే పిల్లకు మందు మొదలుపెట్టారు. నెల రోజులు రోజుకో గోలీ తప్పకుండా మింగాలని, తర్వాత పరీక్షలు చేస్తామని చెప్పి పంపారు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చికి తొడిమలు తీసి పిల్లల్ని సాకాను. తెలియనిది అడగడానికి నాకు సిగ్గు లేదు. పిల్లను కూర్చోబెట్టి అడిగాను.

"సూది గుచ్చుకుంటే రోగం వచ్చినట్టేనా?"

"రాకపోవచ్చు నాయనమ్మా. చానామందికి రాదు. హమాలీల చేతిల కొక్కెం చూసినవ్ గదా? గోనె బస్తాకైతే తగుల్తది, రేకు డబ్బాకు జారిపోతది. ఈ రోగం పురుగుకు సుత అసొంటి కొక్కెమే ఉంటది. రోగాలతోని కొట్లాడే కణాలు ఉంటయి మన ఒంట్ల. వాటి మీద పట్టు దొరికితేనే అది లోపలికి పోతది. ఒక్క పట్టు చాలదు, పక్కన ఇంకోటి సుత దొరకాలె."

"దొరికితే?"

"లోపలికి దూరి అక్కడ్నే పిల్లలు పెడ్తది. మొదలు కొన్ని కణాలల్లనే ఉంటది, తర్వాత ఒళ్లంత పాకుతది. ఈ గోలీ దాన్ని లోపల కాపురం పెట్టనియ్యదు. అందుకే తొందర."

"ఆ పట్టు గ్లాసు మీద, కంచం మీద ఉంటదా?"

"ఉండదు."

"మరి మీ అమ్మ నీ గ్లాసు తీసి కిటికీల ఎందుకు పెట్టింది?"

కన్నతల్లి చేసిన పని అది. నాకు రోత పుట్టింది.

మనవరాలే మాట మార్చింది. "కొందరికి ఆ రెండో పట్టు పుట్టుకతోనే ఉండదట నాయనమ్మా, వాళ్లకు ఈ రోగం రాదు. మన దిక్కు అట్లాంటోళ్లు దొరకుడు కష్టం." ఆ మాట వంటింట్లో ఉన్న నా కోడలి చెవిన పడింది. తెల్లారేసరికి చర్చి ప్రార్థన గుంపును నడిపే అమ్మగారికి చేరింది.

మందు పిల్లకు పడలేదు. తిన్నదంతా కక్కేది. శుక్రవారం మా ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టారు. అమ్మగారు వచ్చి చాప మీద కూర్చుంది. ప్రార్థన నూనె రాసుకున్న చేతితో పిల్ల తలను తాకబోయి, మధ్యలో కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్లు మూసి ఊగింది.

"దేవుడు చూపిచ్చిండు బిడ్డా. నీ ఒంట్ల ఆ రెండో పట్టు తీసేసిండు. ఇయ్యాల అన్నంతోపాటు గోలీ సుత మానాలె. మింగితే అపనమ్మకం."

కోడలు చటుక్కున లేచి గోలీల సీసా తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"తీసేసిండని అంత నమ్మకముంటే కొంగెందుకమ్మా అడ్డం?" అన్నాను.

"అట్లనొద్దు పెద్దమ్మా, నమ్మకం ఉండాలె."

"పొద్దుగాల నీ షుగర్ గోలీ మింగినవా?"

"అది వేరే పెద్దమ్మా."

"ఏం వేరే? నీ గోలీకి లేని ఉపవాసం నా మనవరాలి గోలీకెందుకు?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పాటల పుస్తకాల్లోకి ముఖాలు దాచుకున్నారు. కోడలు, "అత్తమ్మా, జర ఊకో, ఇజ్జత్ పోతాంది" అని గొణిగింది. అందరికన్నా నాకు మంట పుట్టించింది మనవరాలే. చదువుకున్న పిల్ల, వాంతులతో విసిగిపోయి గోడకు ఒరిగింది.

"ఒక్క పూటే గదా నాయనమ్మా. నాతోని అయితలేదు."

"ఆ ఒక్క పూట పురుగు సుత ఉపవాసం ఉంటదా? అడుగు ఈ అమ్మగారిని."

పిల్ల గోడ పట్టుకుని లేచి, తల్లి ముందు చేయి చాపింది. "అమ్మా, తాళంచెవి ఇయ్యి." కోడలు అమ్మగారి ముఖం చూసింది. అమ్మగారు కళ్లు తెరవలేదు. తల్లి కొంగుముడిని పిల్లే విప్పి తాళంచెవి తీసుకుంది. నేను పొయ్యి మీద జావ కాచి ఇచ్చాను. పదిమంది చూస్తుండగా గోలీ మింగింది. అది కడుపులో నిలిచేదాకా వీపు రాస్తూ కూర్చున్నాను. ప్రార్థన పాట లేకుండానే ముగిసింది.

వానాకాలంలో ఆఖరి పరీక్ష అయింది. రోగం లేదన్నారు.

ఆ ఆదివారమే అమ్మగారు చర్చిలో సాక్ష్యం చెప్పింది. తన ఉపవాసానికి దేవుడు కరిగి ఆ పట్టును ఊడబెరికాడట. గోలీ ఊసే లేదు. హల్లెలూయా అని అందరికన్నా గట్టిగా అరిచింది నా కోడలు. దేవుడి పేరు మీద ఇంత అబద్ధం వింటూ కూర్చోవడం నా వల్ల కాలేదు. లేచి బయటికి వచ్చాను. వెనకే మనవరాలు వచ్చి చెప్పులు వేసుకుంది.

"ఎటు?"

"డ్యూటీకి."

"ఆ సూది గుచ్చుకున్న వార్డుకేనా?"

"ఆ వార్డుకే. పాపం, ఆ రోగి మళ్లా చేరిండు, నా వేలు ఎట్లుందని రోజూ అడుగుతాండు."

ఆటో ఎక్కింది. లోపల ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.