ఎటూ కాని మనిషికి టికెట్ వద్దన్న చిన్నాయన

మా నాయన తమ్ముడు, మా చిన్నాయన, పోయిన మంగళవారం బెంగళూరు కె.ఆర్.పురంలో కన్నుమూశారు. బతుకంతా ఒకే పార్టీకి పనిచేశారు. పదవి లేదు. కుర్చీలు వేయించడం, ఓటరు చీటీలు పంచడం, ఓడిన మర్నాడు ఎవరూ తొంగిచూడని ఆఫీసు తలుపు తెరవడం ఆయన పని. నాయకులు దండలతో వచ్చారు. "ఎవరితోనూ పేచీ పెట్టుకోని మనిషి" అన్నాడొకడు మైకులో. నా కడుపు మండింది. అందుకే రాస్తున్నాను.

ఒకప్పుడు చిన్నాయన కూడా అందరికీ సరిపడే అభ్యర్థే కావాలనేవారు. "ముందు గెలవాలప్పా, న్యాయం ఆపైన మాట్లాడుదాం" అనేవారు. అట్లాంటివాణ్ణే గెలిపించారు కూడా. ఆ ఎమ్మెల్యే చొక్కా ఎన్నడూ నలిగేది కాదు, మాట ఎన్నడూ తేలేది కాదు.

వర్తూరు పక్కన గార్మెంట్స్‌లో పనిచేసే ఆడవాళ్ళ రేకుల ఇళ్ళు కూల్చడానికి జేసీబీ వచ్చింది. చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి పరుగెత్తారు. ఆయన టిఫిన్ చేస్తున్నాడు.

"రెండు పక్కలా ఆలోచించాల కదప్పా" అన్నాడు, దోసె తుంచుకుంటూ.

"ఒక పక్క జేసీబీ ఉండాది, ఇంగో పక్క బిడ్డలుండారు. ఏం ఆలోచిస్తావప్పా?" అన్నారు చిన్నాయన.

ఆయన ఇంకాస్త చట్నీ వేయించుకున్నాడు. సాయంత్రానికి ఇళ్ళు నేలమట్టం. మా పార్టీలోనే ఉన్న లాయరమ్మ ఒకామె మాత్రం జేసీబీ ముందు కూర్చుని అరెస్టయింది.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. టికెట్ ఆమెకా, ఆ ఎమ్మెల్యేకా అని కల్యాణ మంటపంలో మీటింగు పెట్టారు. "ఆయమ్మది మరీ దూకుడు. అపార్ట్‌మెంట్ల ఓట్లు పోతాయి. మధ్యస్థంగా ఉండే మనిషయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు" అన్నారు పెద్దలు. అప్పటికే గుండెజబ్బుతో ఆయాసపడుతున్న చిన్నాయన లేచారు.

"ఎవురికీ అడ్డురానోడు, రేపు మన కోసం ఎవురికి అడ్డం నిలబడతాడు? ఆయమ్మ ఓడిపోయేదయినా చీటీలు నేను పంచుతా. ఈయప్ప గెలిచేదయినా పంచను."

"కూర్చో పెద్దాయనా, భోజనాలు చల్లారిపోతా ఉండాయి" అన్నాడొకడు. అందరూ నవ్వారు. ఆకులు వేశారు. చిన్నాయన తినకుండా బస్సెక్కారు.

టికెట్ ఎమ్మెల్యేకే ఇచ్చారు. ఓడిపోయాడు. ఓడిన వారానికే గెలిచిన పార్టీ కండువా కప్పుకున్నాడు. గెలుస్తాడన్న ఒక్క సాకుతో నిలబెట్టినవాడు గెలవనూ లేదు, మిగలనూ లేదు. లాయరమ్మ గెలిచేదా అంటే నాకు తెలియదు. చిన్నాయన కూడా గెలుస్తుందని చెప్పలేదు. ఆమె ఎవరి పక్కనో మాత్రం ఆయనకు తెలుసు. దండలు తెచ్చినవాళ్ళకు తాము ఎవరి పక్కనో ఇప్పటికీ తెలియదు.

ఆయన్ని తలచుకుంటే ఆ ప్రచారం రోజుల్లోని ఒక పొద్దున కళ్ళముందుకొస్తుంది. వీధిలోకి డప్పులతో జీపు వచ్చింది. పైన నిలబడి ఆ ఎమ్మెల్యే కుడివైపు, ఎడమవైపు దండాలు పెడుతున్నాడు. మా గుమ్మం ముందు జీపు ఆగింది. చీటీలు పంచనన్న చిన్నాయన తలెత్తలేదు. గడప మీద కూర్చుని, నానబెట్టిన అనపగింజలు ఒక్కొక్కటే పితుకుతున్నారు. పప్పు గిన్నెలో పడుతోంది, తొక్కలు ఆయన కాళ్ళ దగ్గర పడుతున్నాయి.