బిర్రుగా లాగిన రేసు తీగ

మా ఆయనకు లోకంలో సహించనిది వదులుగా ఉన్న పోగు ఒక్కటే. మగ్గం సంగతి సరే, బట్టలారేసే తాడు కాస్త సాగినా లేచి బిగించి వచ్చేవాడు. ఆ బిగింపు పిచ్చి స్కూటరు దాకా వెళ్తుందని నేననుకోలేదు.

ఆ రోజు మా అమ్మ ఊరికి వెళ్లిపోతోంది. పట్నానికి ఆ చివర హోట్గి రోడ్‌లో నా చెల్లెలింట్లో ఉంది, అక్కణ్నుంచి మధ్యాహ్నం రైలెక్కుతుంది. ఆమెకు చూపు తగ్గుతోంది, మళ్లీ రాగలదో లేదో. నేను పొద్దున్నే బస్సులో వెళ్లి చూసొస్తానంటే ఈయన ఒప్పుకోలేదు. “స్కూటరుకు పాడైపోయిన కార్బురేటర్‌ బదులు పాత సామాన్ల జునా బజారులో ఇంకోటి తెచ్చాను, బిగించడమెంతసేపు, బండి మీదే తీసుకెళ్తాను,” అన్నాడు. మేముండే భవాని పేట్‌లో మెకానిక్కులు లేక కాదు. పవర్‌లూమ్ సాంచాను విప్పి బిగించే చేతికి స్కూటరొక లెక్కా అని ధీమా.

వాకిట్లో గోనె పరిచి కూర్చున్నాడు. కార్బురేటర్‌ను పెట్రోలుతో కడిగి, నా కొత్త తువ్వాలుతో తుడిచాడు. పిడి తిప్పి తీగ లాగితే లోపలి గాలి తలుపు తెరుచుకుని ఇంజను అరుస్తుంది, వదిలితే మూసుకుని నెమ్మదిస్తుంది అని నాకు పాఠం కూడా చెప్పాడు. ఇంజనుకూ దానికీ మధ్య పెట్టే అట్ట లేకపోతే, చద్దర్ల మీద పూలు నేయడానికి మగ్గానికి తగిలించే రంధ్రాల డిజైన్ అట్ట ఒకటి తెచ్చి రంధ్రాలు లేని చోట కత్తిరించాడు. నిజం చెప్పాలి, అది మాత్రం చక్కగా కుదిరింది. నట్లు బిగించి, పెట్రోలు గొట్టం తగిలించి, చివరికి చేతిపిడి నుంచి వచ్చే రేసు తీగ కట్టాడు.

కిక్కు కొట్టగానే బండి స్టార్టయింది. పిడి వదిలేసినా దాని అరుపు తగ్గలేదు. వాడకట్టంతా పని ఆపుకుని వచ్చి చూసింది. ఈయన ఆపి, నట్లన్నీ ఇంకాస్త బిగించి మళ్లీ కొట్టాడు. మళ్లీ అదే అరుపు. ఎండ వాకిట్లోకి వచ్చేసింది. అమ్మను చూడకుండానే రైలు పోతుందని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

ఇక బస్సే దిక్కని లేచి పక్కనుంచి పోతుంటే ఆ తీగ కంటబడింది. మగ్గం మీది పడుగు పోగులా బిర్రుగా లాగి కట్టాడు మహానుభావుడు. అలా లాగి పెడితే గాలి తలుపు ఎప్పటికి మూసుకోవాలి?

“అది పోగు కాదయ్యా. జర ఢీలా ఉండనియ్యి,” అన్నాను.

బూతుమాట విన్నట్టు చూశాడు. అయినా కాస్త వదిలాడు. అంత వదలడానికి ఆయన ప్రాణం ఎంత కొట్టుకుందో నాకు తెలుసు. బండి అరుపు మానింది.

మేం చేరేసరికి చెల్లెలింటి ముందు రిక్షాలోకి మూటలు ఎక్కిస్తున్నారు. మా అమ్మ అల్లుడి ఎదుట పడే మనిషి కాదు. నా పెళ్లయిన నాటి నుంచి ఆయనకేం చెప్పాలన్నా తలుపు చాటున నిలబడి నాతోనే చెప్పించేది. ఆ రోజు నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చి, కొంగు సవరించుకుని నేరుగా బండి దగ్గరికి నడిచింది. మసి పట్టిన ఆయన చేతులను వంగి దగ్గరగా చూసింది.

“టేషన్ దాంక నన్ను దింపుతవా బిడ్డా?”

ఆయన తల ఊపాడు. ఆమె వెనక ఎక్కి ఆయన భుజం పట్టుకుంది.

నా కోసం బిగించిన బండి మీద మా అమ్మ వెళ్లింది. నేను మూటల మధ్య ఇరుక్కుని, కళ్లు తుడుచుకుంటూ రిక్షాలో వాళ్ల వెనకే వెళ్లాను.