మా వార్డెనమ్మ ఎక్కని గట్టు

మదనపల్లెలో మా ఆడపిల్లల హాస్టలుకు చాలా ఏళ్ళు వార్డెనుగా ఉన్న అమ్మ పోయిన సోమవారం వి.కోటలో తన తమ్ముడి ఇంట్లో చనిపోయారు. ఆమెతో కలిసి నడవాల్సిన దారి ఒకటి నాకు మిగిలిపోయింది. వచ్చే నెల కుప్పంలో ఉద్యోగంలో చేరుతున్నాను. చేరితే కొన్నాళ్ళు సెలవు దొరకదు. ఇప్పుడు పోకపోతే ఇక ఎప్పటికీ పోనేమోనని భయంగా ఉంది. ఆమె చేతుల్లో పెరిగిన అక్కచెల్లెళ్ళ ఫోన్ నంబర్లు చాలావరకు నా దగ్గర లేవు. ఈ పత్రిక మన వైపు ఇళ్ళకు చేరుతుంది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఆదివారం వస్తే ఆమె హాస్టలు గేటుకు తాళం వేసేవారు. మేమందరం బయటికి వచ్చాకే వేసేవారు. వంటామె చేసిన చిత్రాన్నం క్యారియరులో పెట్టుకుని మమ్మల్ని బి.కొత్తకోట బస్సు ఎక్కించేవారు. కిటికీ పక్క సీటు ఆ దారిలో మొదటిసారి వస్తున్న పిల్లది. హార్సిలీ కొండ మలుపులో దిగి, ఘాట్ రోడ్డు వదిలి, కాలిబాటన ఎక్కేవాళ్ళం.

"ఎండమ్మా! యాల తీసుకొస్తాండారు మమ్మల్ని?" అని ఎవరో ఒకరు మూలిగేవాళ్ళు.

"ఎండ కిందా ఉండాది, పైనా ఉండాది. పైన గాలన్నా ఉండాది, నడు."

మన వైపు కొండను గట్టు అంటాం కదా. ఎక్కడం అయిపోయి, కొండ పైభాగం పొడుగ్గా సాగే చోటును ఆమె గట్టు వీపు అనేవారు. "ఎక్కేది మోకాళ్ళ పని. వీపు మీద నడిచేది కండ్ల పని" అని, అక్కడ మాత్రం మమ్మల్ని తొందరపెట్టేవారు కాదు.

ఒక ఆదివారం మా నాయన పుంగనూరు నుంచి టమాటాలు తీసుకుని వచ్చి, హాస్టలుకు తాళం చూసి, సాయంత్రం దాకా గేటు ముందే కూర్చున్నాడు. మేం దుమ్ము కాళ్ళతో దిగగానే లేచాడు.

"సదువుకోమని పంపిస్తే గట్లెక్కిస్తా ఉండారా అమ్మా? గట్లు మా ఊర్లో లేవా?"

"ఉండాయప్పా. ఆడ ఈ పిల్ల ఎప్పుడన్నా ఉత్తచేతుల్తో ఎక్కిందా?"

మా ఊరి గట్టు నేను ఎన్నోసార్లు ఎక్కాను. గొర్రెల వెనక, కట్టెల కోసం. అక్కడ నిలబడి చుట్టూ చూసిన జ్ఞాపకం లేదు. "ఊరికే సూసేదానికి కూడా ఎక్కొచ్చప్పా" అన్నారామె మెల్లగా. నాయన నవ్వి, టమాటాల సంచి ఆమె చేతికిచ్చాడు.

ఆమెకు సముద్రం పిచ్చి. పొద్దున్నే కొండ మీద నుంచి చూస్తే గట్లన్నీ ఒకదాని వెనక ఒకటి నీలంగా కనిపిస్తాయి. "సముద్రం ఇట్నే ఉంటాదంట" అనేవారు. మీరు చూశారా అని అడిగితే, "టీవీలో" అనేవారు. విశాఖపట్నం దగ్గర భీమిలిలో గట్టు సముద్రం పక్కనే ఉందని, టౌన్ బస్సు దాని కిందిదాకా పోతుందని ఆమెకు ఎవరో టీచరు చెప్పిందట. "గట్టు వీపు మీద నడస్తా తల తిప్పితే సముద్రం! బస్సు కూడా ఉండాది. ఇంకేం కావాల?" బస్సు పోయే కాడికి ఆడపిల్ల పోవచ్చు అన్నది ఆమె మాకు పదే పదే చెప్పిన మాట.

డిగ్రీ అయ్యాక ఒక పరీక్షకు నాకు విశాఖపట్నంలో సెంటరు పడింది. మా ఇంట్లో బస్సు బోర్డు చదవగలిగేది నేనొక్కదాన్నే. ఒంటరిగా పంపడానికి నాయనకు ధైర్యం చాల్లేదు. అప్పటికే రిటైరైన వార్డెనమ్మ ఒక సంచితో తిరుపతి స్టేషనుకు వచ్చేశారు. పరీక్ష అయిన మర్నాడు భీమిలి బస్సెక్కాం.

"సముద్రం గట్టు కాడ దించప్పా" అన్నారు కండక్టరుతో.

"అలాగేనమ్మా" అని అతను మధ్యలో ఒకచోట దింపేశాడు. ఎదురుగా అంతా చదునైన ఇసుక.

"గట్టు యాడప్పా?"

"ఇదేనమ్మా గట్టు! ఇంకేటి గావాలి?" అంటూ ఒడ్డు వైపు చెయ్యి చూపించి అతను విజిలేశాడు. బస్సు వెళ్ళిపోయింది.

అర్థం కావడానికి మాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె నవ్వి నవ్వి ఇసుకలో కూలబడ్డారు. "మనకు గట్టంటే ఎక్కేది మే. ఈళ్ళకు గట్టంటే కూసోనేది!"

అసలు కొండ దూరంగా, సముద్రంలోకి తొంగిచూస్తున్నట్టు కనిపించింది. సాయంత్రం రైలు ఉంది. అంత దూరం పోయి ఎక్కి దిగే టైము లేదు. ఆమె చెప్పులు విప్పి పాదాలు తడుపుకున్నారు, చీర కుచ్చిళ్ళు తడిసినా పట్టించుకోలేదు. కానీ చూపు మాత్రం ఆ కొండ మీదే. "కిందనుంచే ఇంత ఉంటే, పైనుంచి ఎంత ఉండాదో" అన్నారు. మళ్ళీ వద్దామన్నాను. "వస్తాం. ఈతూరి అందర్నీ తోలుకొని."

తర్వాత ఆమెకు మోకాళ్ళు, ఆ పైన గుండె. నాకు కోచింగులు, పరీక్షలు. మొన్న ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే, "గట్టెక్కినావు పో!" అని మురిసిపోయారు. ఆ వెంటనే, "ఆ గట్టు మాత్రం అట్నే ఉండాది మే" అన్నారు.

"ఎండలు తగ్గినాక పోదామమ్మా."

"పోదాం. దాన్ని ఎవురూ ఎత్తుకపోరులే. చిత్రాన్నం నాది."

అదే ఆఖరి మాట. ఇప్పుడు పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సెక్కితే, ఆమెకు సీటు పట్టినట్టు పక్కన నా సంచి పెట్టేస్తున్నాను. ఎవరైనా వచ్చి అడిగాక గానీ తీయబుద్ధి కావడం లేదు.

ఈ నెల ఆఖరి శనివారం తిరుపతిలో రైలెక్కి, ఆదివారం ఆ కొండ ఎక్కుతాను. శాంతిపురం, బెంగళూరు, ఎక్కడున్నా సరే, ఆమెతో ఆదివారాలు నడిచినవాళ్ళు రండి. పిల్లలుంటే పిల్లలతో రండి. అత్తగారు ఏమంటారో అనుకుంటే అత్తగారినీ తీసుకురండి. టికెట్లు తీయాలి కాబట్టి ఇరవయ్యో తేదీలోగా పత్రిక ఆఫీసుకు ఒక కార్డు రాయండి, వాళ్ళు నాకు చేరుస్తారు. ఎవరూ రాకపోయినా నేను పోతాను. కానీ పైకెక్కి, ఒక మలుపు తిరిగి, సముద్రం ఒక్కసారిగా కనబడినప్పుడు, "సూడు, సూడు" అని చెయ్యి పట్టి లాగడానికి పక్కన ఒక మనిషి కావాలి.