ఒకటో నంబరు గాలి

ఆ మెకానిక్కుని వర్క్‌షాపుల వీధిలో అందరూ భూతద్దం అనేవారు. మొహం మీదే అనేవారు. అతనికి అదో బిరుదులా ఉండేది. బండ్లలో కరెంటు పనికి మొనగాడే, కాదనను. కానీ ఏం మనిషండీ! కొత్త బల్బు తెచ్చిస్తే పెట్టె చింపి వాసన చూసేవాడు. టీ ఇస్తే పంచదార ఎవరు వేశారని అడిగేవాడు. భార్య పక్కింటావిడతో రెండు మాటలాడి వస్తే, "ఏమంది? నువ్వేమన్నావ్? ఎందుకంది?" అని కూపీ లాగందే భోజనానికి కూర్చునేవాడు కాదు. స్నేహితులు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి అతన్ని భరించేవాళ్ళు ఇద్దరే మిగిలారు, షాపులో బావమరిది, ఇంట్లో భార్య. ఇద్దరూ అక్కాతమ్ముళ్ళు. వాళ్ళు కూడా పోతే ఇక అతని మొహం చూసే దిక్కు ఉండదు.

చలికాలం మొదట్లో ఒక పొద్దున తన సొంత వ్యాన్ ఎక్కాడు. కాలిన వాసన. హీటరు ఫ్యాను మీట తిప్పి చూశాడు. నాలుగులో రయ్యిమంటోంది. మూడు, రెండు బాగానే ఉన్నాయి. ఒకటిలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. అంటే మోటారు బాగున్నట్టే, లేకపోతే నాలుగులో తిరగదు. ఫ్యూజూ బాగున్నట్టే. ఇక మిగిలింది రెసిస్టరు, అంటే కరెంటుని అడ్డుకుని ఫ్యాను వేగం తగ్గించే తీగచుట్టలు. డ్యాష్‌బోర్డు కిందకి దూరి విప్పాడు. ఒకటో నంబరు చుట్ట మాడి తెగిపోయింది.

బావమరిది వెళ్ళి కొత్తది తెచ్చాడు. బిగించారు. చలి ముదిరేలోగా అదీ మాడింది.

ఇంకేముంది, భూతద్దానికి పని దొరికింది. "కొత్త పెట్టెలో పాత సామాను పెట్టి నాకు అంటగట్టావు కదూ?" అన్నాడు, వీధంతా వినేలా.

బావమరిది చేతిలో స్పానరు బల్ల మీద పెట్టాడు. "నన్నేనా బావా అంటున్నది?"

"నిన్ను కాకపోతే ఆ గోడనా?"

"సరే. ఇన్నాళ్ళూ అక్క మొహం చూసి పడ్డాను. ఇక నావల్ల కాదు." చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

ఆ సంగతి విని భార్య ఒక్క మాట అనలేదు. కంచం పెట్టి వడ్డించింది. అదీ అతనికి అనుమానంగానే తోచింది. తమ్ముణ్ణి అంటే నోరు మూసుకుని ఉంటుందా? లోపల ఏదో ఉంది.

ఈసారి తానే వెళ్ళి, దుకాణంవాడి ప్రాణం తీసి ఒక రెసిస్టరు తెచ్చాడు. దాని మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టి మరీ బిగించాడు. అదీ మాడింది! విప్పి చూస్తే ఎర్రచుక్క చెక్కు చెదరలేదు. ఎవరూ దేన్నీ మార్చలేదు.

అప్పుడు గానీ బుర్ర వెలగలేదు. ఆ తీగచుట్ట చల్లబడేది ఫ్యాను గాలితోనే. హీటరు గాలి ఫిల్టరు లాగి చూస్తే దుమ్ము దిండులా పేరుకుపోయి ఉంది. తన బండి మీద ఎవర్నీ చెయ్యి వేయనివ్వడు, తనకేమో తీరికుండదు. గాలి సరిగా ఆడకుండా ఒకటో నంబరు మీద చాలాసేపు నడిస్తే మాడక ఏమవుతుంది? అయ్యో, వాణ్ణి అన్యాయంగా అన్నానే అని మనసు చివుక్కుమంది. క్షణకాలమే. వెంటనే ఇంకో పురుగు తొలవడం మొదలుపెట్టింది. తానెప్పుడూ తిప్పేది నాలుగే. మరి ఒకటి తిప్పేదెవరు? చప్పుడు బయటికి రాకూడదని చూసేదెవరు?

తాళంచెవి పగలంతా తన జేబులోనే. మధ్యాహ్నం ఇంటికొచ్చి, తిని, కునుకు తీసేటప్పుడు మాత్రం చొక్కాతో పాటు కొక్కేనికి ఉంటుంది.

ఇంకో రెసిస్టరు బిగించి, మర్నాడు భోంచేసి పడుకుని దొంగ గురక మొదలుపెట్టాడు. కొక్కెం దగ్గర తాళంచెవి చప్పుడు. తలుపు మెల్లగా మూసుకుంది. కాసేపాగి, చెప్పులైనా వేసుకోకుండా వెనకాలే వెళ్ళాడు. వ్యాన్ ముందు సీట్లో అతని భార్య. ఇంజను వేడి ఇంకా చల్లారలేదు, వెచ్చటి గాలి సన్నగా వస్తోంది. ఆవిడ కళ్ళు మూసుకుని వెనక్కి వాలి ఉంది. అతను తలుపు ఒక్క లాగు లాగాడు.

"ఎవరితో మాట్లాడుతున్నావ్?"

ఆవిడ ఉలిక్కిపడింది. "ఎవరితోనూ లేదండీ."

"ఫోనేదీ?"

"వంటింటి గట్టు మీదుంది. వెళ్ళి చూసుకోండి."

"మరిక్కడేం చేస్తున్నావ్?"

"ఊరికే కూర్చున్నా."

"ఊరికే ఎవరైనా కూర్చుంటారా!"

ఆవిడ అతని వంక చూసింది. కోపం లేదు, భయమూ లేదు. "రోజు మొత్తమ్మీద మీరు నన్నేమీ అడగనిది ఈ కాస్సేపే" అంది.

అతనికి తల కొట్టేసినట్టయింది. కాళ్ళు చలికి కొంకర్లు పోతున్నా అక్కడే నిలబడ్డాడు. తప్పయిపోయిందని చెప్పాలనిపించింది, నిజంగానే అనిపించింది. కానీ అలవాటు పడ్డ నోరు ఊరుకుంటుందా? "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

ఆవిడ ఫ్యాను ఆపింది. తాళంచెవి అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం బావమరిదికి ఫోన్ చేశాడు. "ఏం బావా, ఈసారి ఏం అంటగట్టాను?" అన్నాడు వాడు. "ఏం లేదురా, తప్పంతా నాదే, రేపు వచ్చెయ్" అని బతిమాలాడు. "చూద్దాంలే" అని వాడు పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే ఫిల్టరు మార్చాడు. సీటు దులిపాడు. ఒకటో నంబరు మీద ఎంతసేపు నడిపినా కాలిన వాసన రాలేదు. మధ్యాహ్నం చేయి కడుక్కుని, తాళంచెవి తీసి భార్య ముందు పెట్టాడు. అంత మెత్తటి గొంతు తనలో ఉందని అతనికే తెలియదు. "నేను పడుకుంటా. బండి వెచ్చగానే ఉంది. ఒకటో నంబరు బాగు చేశాను. నువ్వెళ్ళి కాసేపు కూర్చో."

ఆవిడ తాళంచెవి వంక చూసింది. కిటికీ వంక చూసింది. తర్వాత అతని వంక చూసింది.

"ఎందుకు?" అంది. "మీరు కిటికీలోంచి చూడ్డానికా?"