బుజ్జిబాబు మామ ‘సిక్’ అంటే

మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో బుజ్జిబాబు మామకు ఎదురుపడి, ఏదో ఒక జబ్బు తగిలించుకోకుండా ఇల్లు చేరినవాళ్లు లేరు. ఆయన రైల్వేలో వ్యాగన్లు పరీక్షించేవారు. ఆగిన గూడ్సు వెంట నడుస్తూ చక్రాలను సుత్తితో కొట్టి చూడడం, తేడా ఉన్న పెట్టె మీద సుద్దముక్కతో ‘సిక్’ అని రాయడం ఆయన ఉద్యోగం. రిటైరయ్యాక గూడ్సులు దొరక్క మనుషుల మీద పడ్డారు.

మా పక్కింటి ఏంజలిన్ పెళ్లిలో పెళ్లికొడుకు చర్చిలోకి నడిచి వస్తుంటే, “ఎడం ఇరుసు తేడాగున్నాది, ఆపండి!” అని కేకేశారు. పాపం, ఆ అబ్బాయికి కొత్త బూటు కరిచింది, అంతే.

నన్ను చూస్తే మరీను. నా ముక్కు పక్కన పసుపురంగు బొడిపె ఒకటి ఉండేది.

“ఇందమ్మా, ఏటది?”

“మొటిమ, మామా.”

“ఇద్దరు పిల్లల తల్లికి మొటిమేటి? సిక్! డాక్టరుకి సూపించు.”

ఆయనకు వైద్యం తెలిసి కాదు. దోమ కుట్టినా ఆయన లెక్కలో సిక్కే. ఆయన్ని తప్పించుకోడానికి పక్కపేట ఝపటాపూర్ సందుల్లోంచి చుట్టు తిరిగి, నేను పాఠాలు చెప్పే బడికి వెళ్లడం మొదలుపెడితే, ఆయన సైకిలు అక్కడికీ వచ్చింది. “రేపు ఎల్తాను మామా, దండం పెడతాను!” అన్నాను.

మర్నాడు ఆసుపత్రిలో ఓపీ లైను గేటు దాకా ఉంది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరగబోతే, లైను మొదట్లోంచి కేక. “ఇందమ్మా, ఇటు!” తెల్లారకముందే వచ్చి నా కోసం నిలబడ్డారట.

“దాదాకి ఇది రోజూ డ్యూటీయే, దీదీ,” అని నవ్వింది టికెట్లిచ్చే బెంగాలీ అమ్మాయి. “ఎవర్ని సిక్ అంటే వాళ్ల తరఫున నిలబడతారు.”

డాక్టరు బొడిపె తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక నా ముక్కు సంగతి వదిలేసి, “మీ ఇంట్లో ఎవరికైనా పేగు కేన్సర్ వచ్చిందా?” అని అడిగారు.

“నాన్నకండి. చిన్న వయసులోనే పోయినారు.”

చర్మంలో నూనె ఊరే గ్రంథికి చాలా అరుదుగా వచ్చే గడ్డట అది. వంశంలో దిగే కేన్సర్ ఉంటే ఒక్కోసారి అలా ముందుగా బయటపడుతుందట. పేగు పరీక్ష చేస్తే కేన్సర్ ఉండనే ఉంది, ఇంకా మొదట్లోనే.

ఆపరేషన్ అనగానే, “ఇంక నా పని అయిపోయింది మామా,” అన్నాను. “సిక్ రాసిన పెట్టెని పారేస్తారేటమ్మా? బాగుసేసి మళ్లీ బండికి తగిలిస్తారు,” అన్నారు మామ. అలాగే తగిలించారు. ఇవాళ నేను బతికి ఉన్నానంటే ఆయన పోరు వల్లే.

నా రక్తంలో వంశం నుంచి వచ్చిన లోపం దొరికింది కనుక, మా చెల్లి కళ్యాణికీ పరీక్ష చేయాలన్నారు. అది భయపడి తలుపేసుకుంటే, మామే బతిమాలి తీసుకొచ్చారు. దానికి ఆ లోపం లేదని తేలిన రోజున, రిపోర్టు పట్టుకుని పరుగున వెళ్లి, ఓపీ లైన్లో ఉన్న మామ కాళ్ల మీద పడిపోయాను.

“లెగమ్మా, లెగు!” అని ఆయన కంగారుపడ్డారు. “లైను కదుల్తన్నాది. సిలకమ్మ మోకాలి కోసం నిలబడినాను, నా జాగా పోతాది!”