లక్ష్ముడి తువ్వాలు

ఆ రేవులో పెద్దవల పడాలంటే లక్ష్ముడి తువ్వాలు లేవాలి. వల తాడు ఒక కొస ఒడ్డునే ఉంటుంది. రెండో కొస పట్టుకుని నావ చేపల గుంపు చుట్టూ తిరిగి రావాలి. గుంపు ఎక్కడుందో నావలో ఉన్నవాళ్ళకి తెలీదు, ఒడ్డున నిలబడి నీళ్ళ రంగు చూసేవాడికే తెలుస్తుంది. ఆ చూసేవాడు లక్ష్ముడు. తువ్వాలు ఎడమకి ఊపితే నావ ఎడమకి, కుడికి ఊపితే కుడికి. ఊపడం ఆపితే అక్కడే వల దింపాలి. ఊళ్ళో సగం పొయ్యిలు ఆ తువ్వాలు మీదే వెలుగుతున్నాయి.

మనిషి మంచోడే. నోరు మాత్రం అబ్బో, ఆ నోటి ముందు ఎవరూ నిలవలేరు. రెండేళ్ళ కిందట మేనల్లుడు ధనరాజు, "మావా, గుంపు అటు నేదు, ఇటున్నాది" అన్నాడు పాపం. అంతే. వల దగ్గరున్న అందరి ముందూ వాణ్ణి కడిగిపారేశాడు. "ఒరే, నిన్నగాక మొన్న మీసం మొలిసినోడివి, నాకు సముద్రం సూపిస్తావేట్రా?" అన్నాడు. మళ్ళీ వల మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ధనరాజు సంచి సర్దుకుని గుజరాత్ బోట్లలోకి పోయాడు. ఆ రోజు గుంపు నిజంగా వాడు చూపించిన వైపే ఉంది. ఆ మాట ఎవరూ అనలేదు. ఆ తర్వాత ఏ మాటా అనలేదు.

లక్ష్ముడి కళ్ళకి అప్పటికే పొర కమ్ముతోంది. సముద్రమంతా గంజినీళ్ళలా కనపడేది. ఆపరేషన్ చేయించుకుంటే పోయేదే, కాదనను. కానీ చేయించుకోవాలంటే ముందు కనపడట్లేదని నోటితో అనాలి కదా. అనలేక, అలవాటు కొద్దీ తువ్వాలు ఊపుతూనే ఉన్నాడు. విచిత్రంగా వల నిండుతూనే ఉంది. కళ్ళు పోయినా నా అంచనా పోలేదని లోలోపల మురిసిపోయేవాడు, పిచ్చి మారాజు.

మొన్న కవళ్ళ చేపలు పడే రోజుల్లో ఒక పొద్దున, గాలికి తువ్వాలు చేతిలోంచి ఎగిరిపోయింది. దాని వెంట పరిగెత్తి, తడి ఇసకలో పట్టుకుని తలెత్తేసరికి, మసకమసగ్గా నల్లమచ్చలా కనపడే నావ ఎడమకి తిరిగి చక్కగా వల దింపుకుంటూ పోతోంది. తనింకా ఏమీ ఊపలేదే అనుకుని వెనక్కి చూశాడు. దగ్గర్లోనే ఇసకదిబ్బ మీద పెళ్ళాం బుల్లమ్మ, చేపలగంప పక్కన పెట్టుకుని, ఎర్రగుడ్డ ఊపుతోంది.

కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. సిగ్గేసి తువ్వాలు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

వల లాగడం అయ్యాక, నావ నడిపే గంగుల్ని పక్కకి పిలిచాడు. గంగులు ధనరాజుకి స్వయానా అన్న.

"నిజం సెప్పరా. నాకు కళ్ళు అవుపడతన్నాయంటావా?"

గంగులు తాడు చుట్టడం ఆపలేదు. "నీకేటి మావా, గెద్ద కళ్ళు నీయి."

"కోప్పడన్రా. సెప్పు."

"సెప్పినాను గదా మావా."

ఇంటికెళ్ళి బుల్లమ్మని అడిగాడు. "దిబ్బ మీద ఏటి సేస్తన్నావే?"

"ఈగలు తోల్తన్నాను" అంది, అన్నం వడ్డిస్తూ.

మొహం చూద్దామంటే ఆ మొహమూ మసకే. తనకి ఎదురు చెప్పొద్దని ఇన్నేళ్ళూ అందరికీ నేర్పింది తానే, ఇప్పుడు చెప్పమంటే ఎవరు చెప్తారు? ధనరాజు చెప్పేవాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలియక మళ్ళీ పక్కన పెట్టేశాడు.

మర్నాడు పట్టుదలగా రేవుకొచ్చాడు. నావ అలలు దాటింది. లక్ష్ముడు తువ్వాలు ఎత్తి, సముద్రానికి వీపు పెట్టి, దిబ్బకేసి తిరిగాడు. ఆమె ఎటు ఊపితే తనూ అటే ఊపుదామని. ఊరంతా చూస్తే చూడనీ అనుకున్నాడు.

మొగుడు తనవైపు తిరగడం చూసి బుల్లమ్మ చటుక్కున గుడ్డ దించి గంప మీద కప్పేసింది.

"ఊపవే" అన్నాడు.

"ఏటి ఊపాల?"

"గుంపు ఎటున్నాదో అటు ఊపు. నాకు అవుపడట్నేదే."

అనేశాడు. అనడానికి ఇన్నేళ్ళు పట్టింది. బుల్లమ్మ చుట్టూ చూసింది. "అలాగనకు, అందరూ ఇంటన్నారు" అంది గొంతు తగ్గించి. తాడు దగ్గరున్నవాళ్ళు ఏమీ విననట్టు తాడు ముడులు చూసుకుంటున్నారు.

నడి నీళ్ళలో నావ ఆగిపోయింది. గంగులు లేచి నిలబడి ఒడ్డుకేసి చూస్తున్నాడు. ఏ గుడ్డా కదలట్లేదు. బుల్లమ్మ కళ్ళెదుటే గుంపు కుడికి తిరిగి లోతులోకి దిగిపోయింది.

"ఎటు పోనాదే?" అని అడిగాడు లక్ష్ముడు, బతిమాలుతున్నట్టు.

బుల్లమ్మ గంప నెత్తికెత్తుకుంది.

"నీకు తెలీందేటి ఉన్నాది" అంది.