మా అవ్వ మెత్తిన భూమి

పుంగనూరు ఆవు పొట్టిదని లోకమంతా చెప్పుకుంటుంది. మా అవ్వను చూసి ఉంటే ఆవు మాట ఎత్తేవాళ్లు కాదు. అవ్వ పేరు పాపక్క. నిలబడినా కూర్చున్నా ఒకటే ఎత్తు అని నేను వెక్కిరిస్తే, "నేలకు దగ్గరగా ఉండా, పడినా దెబ్బ తగలదు" అనేది.

అవ్వ పని చాటలు మెత్తడం. వెదురు చాట ఎంత గట్టిగా అల్లినా సందుల్లోంచి రాగులు జారిపోతాయి. పాత కాగితాలు, మెంతులు నానబెట్టి, రోట్లో కలిపి రుబ్బి, ఆ గుజ్జును చాటకు పట్టించి ఎండబెడితే సందులు మూసుకుంటాయి. మెంతుల చేదుకు పురుగు రాదు, చెద పట్టదు. సదుం నుంచి కూడా చాటలు తెచ్చి మా గుమ్మం ముందు పడేసి పోయేవాళ్లు.

అవ్వకు చదువు రాదు. కాగితం చేతికిస్తే వేళ్ల మధ్య నలిపి మంచిదో కాదో చెప్పేది. "సదువుకున్నోళ్లకు కాగితంలో అచ్చరం కనపడతాది, నాకు నార కనపడతాది" అనేది. నా మార్కుల కార్డు కూడా అలాగే నలిపి చూసి "కాగితం మంచిదే" అంది. దాని మీద ఉన్నది మంచిది కాదని నేను చెప్పలేదు.

దొరికిన కాగితమల్లా రోట్లో వేసే మనిషి మూడు నోటు పుస్తకాలను మాత్రం ట్రంకు పెట్టెలో దాచింది. అవి అవ్వ కూతురు, అంటే మా అమ్మ శాంతకుమారివి. మా ఇంట్లో పదో తరగతి దాకా పోయింది ఆమె ఒక్కతే. నాకు రెండేళ్లప్పుడు కామెర్లొచ్చి చనిపోయింది. ఏడాది తిరక్కముందే మా నాయన ఇంకో పెళ్లి చేసుకుని, నన్ను అవ్వ దగ్గర వదిలేశాడు. అమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. మిగిలిందల్లా ఆ పుస్తకాలే.

నాకు చదవడం వచ్చీరాగానే అవ్వ ట్రంకు తెరిచింది. "సుష్మా, మీ అమ్మ ఏం రాసిండాదో సదువు" అంది. అమ్మ రాత కలిపిరాత. పైగా మొదటి పుస్తకం నిండా సాంఘికశాస్త్రం ప్రశ్నలూ జవాబులూ. భూమి తన చుట్టూ తాను తిరుగుతుంది, సూర్యుని చుట్టూ తిరుగుతుంది అని రెండు పేజీలు చదివేసరికి నాకు విసుగొచ్చింది. మూడో పేజీ నుంచి సొంతంగా చెప్పడం మొదలుపెట్టాను. "మా అమ్మ చేసే సంగటి వాసనకు వీధి కుక్కలన్నీ మా గుమ్మంలోకి వస్తాయి" అన్నాను. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకు నేను అలవాటుపడిపోయాను. "నా కూతురికి ఆదివారం ఆదివారం కోడిగుడ్డు పెట్టవలెను" అని కూడా చదివాను. అవ్వ ఒక్క క్షణం ఆగి, "అట్ల రాసిండాదా?" అంది. "పెన్నుతో రాసింది" అన్నాను. ఆ ఆదివారం నుంచి నాకు గుడ్డు దొరికింది.

తొంభై నాలుగులో గంగులయ్య మా ఇంటికి ఒక గోనెసంచి మోసుకొచ్చాడు. ఆయన మదనపల్లెలో పాత సామాన్లు కొని బెంగళూరు అంగళ్లకు వేసేవాడు. అక్కడ దొరల కాలం నాటి బంగళా ఒకటి పడగొడుతుంటే ఒక గ్లోబు దొరికిందట. ఇత్తడి స్టాండు బాగుందని తన దగ్గరే ఉంచుకున్నాడు గానీ, గ్లోబు మీద దూలం పడి, నా చెయ్యి పట్టేంత బొక్క పడింది.

"ఇదేందప్పా, గుమ్మడికాయా?" అంది అవ్వ.

"భూమి పాపక్కా. చాట బొక్కలు పూడుస్తావు గదా, దీన్ని పూడ్చు."

"ఎవురి బూమి?"

"దొరలది. పోతా పోతా ఈడనే పెట్టిపోయినారు."

"ఎవురైనా ఆడనే పెట్టి పోవాల్సిందే గదా" అని అవ్వ దాన్ని ఒళ్లో పెట్టుకుని తిప్పి చూసింది. దాని మీది కాగితం కాఫీ రంగుకు తిరిగి ఉంది. నేను బొక్కలో వేలు పెట్టి, "సముద్రమే పోయింది అవ్వా, ఊర్లన్నీ బాగానే ఉండాయి" అన్నాను. అలాంటి బొమ్మే అమ్మ పుస్తకంలో పెన్సిలుతో గీసి ఉందని కూడా చెప్పాను. అది నిజమే. అవ్వ చెయ్యి గ్లోబు మీద నుంచి కదల్లేదు.

వారం తర్వాత గంగులయ్య వచ్చాడు గానీ అవ్వ ఇంకా పని మొదలుపెట్టలేదు. ఆయనకూ తొందర లేకుండా పోయింది. "బెంగళూరు అంగడాయన పగిలింది వద్దన్నాడు. స్టాండు మాత్రం తీసుకున్నాడు. నువ్వే పెట్టుకో పాపక్కా, పొయ్యిలోకైనా పనికొస్తాది" అని వెళ్లిపోయాడు.

ఆ వానాకాలంలోనే మా ట్రంకు అడుగు తుప్పు పట్టి, లోపలికి చెదలు ఎక్కాయి. అవ్వ తెరిచేసరికి ఒక పుస్తకం అట్టతో సహా మన్నయిపోయింది. రెండు మిగిలాయి. ఒకటి ఆ సాంఘికశాస్త్రం. రెండోదాని అట్ట మీద ఏ సబ్జెక్టు పేరూ లేదు, శాంతకుమారి అని మాత్రం ఉంది. నేను దాన్ని అప్పటిదాకా తెరవలేదు. ఉన్న కథలే బాగా నడుస్తున్నాయి, ఇంకో పుస్తకం ఎందుకని.

అవ్వ ఆ పూట అన్నం తినలేదు. మరుసటి రోజు మెంతులు నానబెట్టింది. రెండు పుస్తకాల దారాలు తెంపి, ఒక్కో కాగితం వెనక పల్చగా మెంతుల గుజ్జు రాసి నాకిచ్చింది. నేను బొక్కలో చెయ్యి పెట్టి గ్లోబు లోపలి గోడకు అతికించాలి. తొందరగా అయిపోతే చాలని ఏ కాగితం మీద ఏముందో నేను చూడలేదు.

"అచ్చరాలు లోపలికి సూడాల" అంది.

"రెండు పక్కలా రాసిండాది గదవ్వా."

"ఎనక పక్క బూమికి, ముందు పక్క గాలికి."

"లోపల చీకట్లో ఎవరు చదువుతారు?"

"గమ్మున అతికించు. చెద సదవదు, అది సాలు. నువ్వు పెద్ద సదువులు సదివినంక పగలగొట్టి తీసుకుందువు."

నేను పెద్ద చదువులు చదువుతానని నమ్మిన మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

కాగితాలన్నీ అయ్యాక అవ్వ బొక్క పూడ్చి, ఆరిన తర్వాత నీలిమందు పూసింది. పాత సముద్రం మధ్యలో కొత్త సముద్రం ముదురు నీలంగా తేలింది. దాని మీద టీ డికాషన్ రుద్దితే కాస్త కలిసిపోయింది. బియ్యం డబ్బా మీద చుట్టకుదురు పెట్టి, దాని మీద భూమిని కూర్చోబెట్టింది. వానొస్తే ఇల్లంతా మెంతుల వాసన. ఎప్పుడైనా మనసు బాగాలేకపోతే ఆ నీలం మచ్చ మీద చెయ్యి పెట్టి, "సదువు పాపా" అనేది. నేను కంఠస్థం వచ్చినట్లు చెప్పేదాన్ని. దసరాకు రెండు గౌన్లు కావాల్సి వస్తే, అమ్మ రెండు గౌన్ల గురించి రాసి ఉండేది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి. ఈలోగా నేను పదో తరగతి రెండుసార్లు తప్పాను.

రెండువేల మూడులో గంగులయ్య మళ్లీ వచ్చాడు. జుట్టు తెల్లబడింది, మాట మెత్తబడింది. కుప్పంలో చిన్నస్వామి అనే ఆయన ఉన్నాడనీ, పాత గ్లోబులు సేకరించడం ఆయనకు పిచ్చి అనీ చెప్పాడు. మన ఇత్తడి స్టాండు బెంగళూరులో ఆయన కంట పడిందట. దాని మీద ఉండాల్సిన భూమి కోసం ఆయన అంగడి అంగడీ తిరిగి చివరికి గంగులయ్యను పట్టుకున్నాడట.

"కాళ్లు ఆయన దగ్గరుండాయి పాపక్కా, తల నీ దగ్గరుండాది. ఇచ్చేయ్. నీ కూలి నీకిప్పిస్తా."

"పెట్టుకోమన్నావు గదప్పా?" అన్నాను నేను.

గంగులయ్య నేల చూపు చూశాడు. అవ్వే నా నోరు మూయించింది. "ఆయప్ప వస్తువు ఆయప్ప అడగతాండాడు. ఇన్నేండ్లు మన కాగితాలకు నీడిచ్చినందుకే మనం రుణపడాల." తర్వాత ఆయన వైపు తిరిగింది. "కూలి వొద్దు గంగులయ్యా. దీంట్లో నా బిడ్డ రాసిన కాగితాలుండాయి. లోపలుండేది నాకు కావాల. అది మాత్రం ఇప్పించు."

"ఇప్పుడే పగలగొట్టి తీసేద్దాం అవ్వా" అని నేను కత్తి అందుకోబోయాను.

"వద్దమ్మా, పై కాగితం చినిగితే దానికి విలువ పోతాది" అన్నాడు గంగులయ్య. "తర్వాత మెత్తిందంతా ఆయన ఎట్లాగూ తీసేస్తాడు. దానికి సన్నపు కత్తులు, బ్రష్షులు పెట్టుకోనుండాడు. లోపలిదంతా నీకిచ్చేయమని నేను చెప్తా పాపక్కా."

గోనెసంచిలో పోతున్న భూమి వెనకాల అవ్వ బస్టాండు దాకా నడిచింది. "కుదుపులకు బద్రం" అని నాలుగుసార్లు చెప్పింది. ఆ తర్వాత నా పెళ్లికి కూడా అన్నిసార్లు చెప్పలేదు.

నెల తర్వాత వచ్చి తీసుకుపొమ్మని కబురొచ్చింది. పలమనేరులో బస్సు మారి కుప్పం చేరాం. అవ్వ ఒళ్లో కొత్త పసుపు గుడ్డ ఉంది, కాగితాలు చుట్టుకోవడానికి. దారి పొడుగునా ఒకటే మాట: "ఇప్పుడు నువ్వు పెద్దదానివైతివి గదా, ఆ రెండో పుస్తకం నిదానంగా సదువుదువు. దాంట్లో బడి మాటలు కాదు, ఏమో వేరే రాసేది. నేను దగ్గరికి పోతే చేత్తో మూసేసేది." నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

చిన్నస్వామి ఇల్లంతా భూములే. గోడవారన అద్దాల బీరువాల్లో పెద్దవి, చిన్నవి. పెన్సిలు చెక్కే గ్లోబు, డబ్బులేసుకునే రేకు గ్లోబు, లోపల దీపం వెలిగే గాజు గ్లోబు, పుస్తకాలు పడిపోకుండా రెండు పక్కలా ఆనించే సగం సగం గ్లోబులు. అవ్వ నడుమెత్తు ఉన్న కొయ్య గ్లోబు ఒకటి ఉంది. ఆయన దాని పైసగం ఎత్తి చూపించాడు. లోపల బ్రాందీ సీసాలు, గ్లాసులు.

"బూమి కడుపులో ఇదా ఉండేది" అంది అవ్వ. "అందుకే తిరగతాండాది."

ఆయన చాలాసేపు నవ్వాడు. మంచి మనిషి. మాకు కాఫీ తనే తెచ్చిచ్చాడు. మా గ్లోబు కిటికీ దగ్గర ఇత్తడి స్టాండు మీద నిలబడి ఉంది. బొక్క పూడ్చి, ఎక్కడ పగిలిందో తెలియకుండా చేశాడు. అవ్వ పూసిన నీలం లేదు.

"మీరు మెత్తింది ఎంత గట్టిగా ఉండిందమ్మా" అన్నాడు. "మెంతులు గదా, కత్తికి రాలా. వేడినీళ్ల గుడ్డ పెట్టి పెట్టి, ఇరవై దినాలు కూర్చుని తీసినా. లోపలుండేది మీకు కావాలన్నారని గంగులయ్య చెప్పినాడు. ఒక్క పిడికెడు పారేయలేదు."

పక్క గదిలోంచి మూతపెట్టిన ప్లాస్టిక్ బకెట్టు తెచ్చి అవ్వ ముందు పెట్టాడు. దాని నిండా లేత నీలం ముద్ద.

అవ్వ బకెట్టులోకి చూసింది. తర్వాత దాని వెనకాల చూసింది, కాగితాలు వేరే ఎక్కడైనా పెట్టాడేమోనని.

"కాగితాలు?" అన్నాను నేను. "రాసినవి?"

"రాతలుండినాయి. ఇంకు పెన్నుతో. వేడినీళ్లు తగలతానే కారిపోయినాయి" అన్నాడాయన. ఆయన ముఖం అప్పుడు మారింది. "నేను తెలుగు మాట్లాడతా గానీ చదవను తల్లీ, మా బడి అరవం. పాత కాగితాలతో మెత్తినారనుకున్నా. గుజ్జు మళ్లీ పనికొస్తాదని అడిగినారనుకున్నా."

ఎవరి తప్పూ లేదు. లోపలుండేది కావాలంది అవ్వ, గంగులయ్య అలాగే చెప్పాడు, ఆయన అలాగే ఇచ్చాడు. అవ్వ చెయ్యి బకెట్టులో ముంచి, కొంచెం ముద్ద తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. "నార బాగుండాది" అంది. అంతే. పసుపు గుడ్డతో బకెట్టు మూతి కట్టింది.

తిరుగు బస్సులో బకెట్టు ఆమె కాళ్ల మధ్య ఉంది. పలమనేరులో బస్సు మారేటప్పుడు కూడా దాన్ని నా చేతికివ్వలేదు.

మరుసటి రోజు ఎండలో కూర్చుని అవ్వ కొత్త చాట ఒకటి ముందు పెట్టుకుంది. ఆ ముద్దను రోట్లో వేయలేదు. తాజాగా రుబ్బిన మెంతులు చేత్తోనే కలిపి, అరచేత్తో చాటకు మెత్తసాగింది. నేను ఆమె ముందు కూలబడ్డాను.

"అవ్వా, నేను చదివింది ఏదీ అమ్మ రాయలేదు. అంతా నేనే కల్పించాను."

"తెలుసులే."

"ఎప్పటినుంచి?"

"గుడ్డు నాటినించి. పదో తరగతిలో ఉండే బిడ్డకు కూతురు యాడిదే? నువ్వు పుట్టకముందే నీకు గుడ్డు పెట్టమని రాసిందా మీ అమ్మ?"

"మరి యాల పెట్టినావు?"

"నువ్వు అడిగితే పెట్టుందును కాదు. మీ అమ్మ అడిగినట్ల ఉండె." చేతులు ఆగలేదు. కాసేపటికి తల ఎత్తకుండానే అడిగింది. "రెండో పుస్తకం? దాంట్లో కొంచెమన్నా సదివినావా?"

"తెరవలేదవ్వా."

చేతులు అప్పుడు ఆగాయి. రోడ్డు మీద పాలబండి ఒకటి పోయింది. తిడుతుందేమోనని, తిడితే బాగుండునని నేను చూశాను. ఆమె మళ్లీ ముద్ద తీసుకుని చాట అంచుకు పట్టించింది. బొటనవేలితో ఒక్కో సందు నొక్కింది.

"అయితే ఇంగ నువ్వు సెప్పినవే మిగిలినాయి" అంది. "సదువు."

"ఏం చదివేది?"

"ఆ గుడ్డు మాట."

తడి చాట మీద చెయ్యి పెట్టాను. చల్లగా, చేదు వాసన. నా కూతురికి ఆదివారం ఆదివారం అని మొదలుపెట్టాను గానీ, కోడిగుడ్డు అనకముందే పెట్టవలెను అనేశాను.

"నిదానంగా సదువు" అంది అవ్వ. "అచ్చరం తప్పు పోతాండావు."